దెబోరా లేవలేదు

లేవకూడదు. ఎవరు పిలిచినా లేవకూడదు. మోకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, పావడా కుచ్చెళ్ళు పాదాల దాకా లాక్కుని, వీపు గోడకు ఆనించి, ఈ బెంచీ మీద ఇట్లాగే కూర్చోవాలి అనుకుంది దెబోరా. మదనపల్లె మిషను ఆసుపత్రిలో ఆడవాళ్ళ వరండా అది. పొడుగాటి బెంచీ, దానిమీద వరసగా ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలు, ఫినాయిలు వాసన. లోపలి గది వాకిలికి పచ్చ తెర. తెర పక్కకు తొలిగినప్పుడల్లా నర్సమ్మ తల బయటికి వస్తుంది, ఒక పేరు పిలుస్తుంది, బెంచీ చివర కూర్చున్నామె లేచి లోపలికి పోతుంది, మిగిలినవాళ్ళు తలా కొంచెం జరుగుతారు. ఆ జరగడమే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. జరిగితే కింద ఉన్నది కనిపిస్తుంది. ఎంత ఉందో తెలియదు, చూసుకోవడానికి లేదు, కానీ తడి తెలుస్తోంది, వెచ్చగా మొదలై చల్లగా మారుతున్న తడి, దానిమీద మళ్ళీ వెచ్చగా ఇంకొంచెం. పావడా తెల్లది. వేరే రంగుదైనా కాకపోయె. అమ్మ గుడికి కట్టుకునే తెల్లచీరను చింపి క్రిస్మసుకు కుట్టించిన పావడా, యుద్ధం వల్ల గుడ్డ దొరకడం లేదని నాయన ఆ చీర తీసి దర్జీకి ఇచ్చాడు, ఇచ్చేముందు చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున అదే కట్టుకోమన్నాడు. డాక్టరమ్మ దగ్గరికి పోతాండాం కదా, శుభ్రంగా ఉండాల అన్నాడు.

పుంగనూరులో బస్సు ఎక్కేటప్పుడు ఏమీ లేదు. పొత్తికడుపులో ఏదో బరువు, నడుములో లాగుతున్నట్టు, అంతే. నిన్న తిన్న అలసందలు అరగలేదేమో అనుకుంది. పెట్రోలు లేక బస్సులన్నీ బొగ్గుతో నడుస్తున్నాయి ఇప్పుడు, వెనక పెద్ద డ్రమ్ము, దాంట్లో నిప్పు, క్లీనరు చక్రం తిప్పి తిప్పి గాలి కొడితేగానీ బండికి ఊపిరి రాదు. మిట్ట ఎక్కలేక ఆగిపోయినప్పుడు అందరూ దిగారు, ఆడవాళ్ళు కూడా దిగారు, మగవాళ్ళు వెనక చేరి తోశారు. నాయన మాత్రం కిటికీ దగ్గరికి వచ్చి, "నువ్వు దిగొద్దు, కూచో, ఆయాసం వస్తాది" అన్నాడు. ఖాళీ బస్సులో తనొక్కతే. బయట నుంచి అందరూ చూస్తున్నారు, ఇంత పిల్ల యాల కూచోనుండాదని. అందుకే నాయన చూడకుండా దిగింది, దిగి కానుగ చెట్ల చాటుకు పోయింది, అక్కడ కూర్చున్నప్పుడు చూసింది. ఎండుటాకుల మీద ఎర్రగా. ముందు అది తనది కాదనుకుంది. ఏ కాకో ఎలుకను చంపిన చోటేమో అనుకుంది. తర్వాత తొడ మీద కూడా ఉంది. చేత్తో తుడిచింది, చేతికి అంటింది, చేతిని మట్టిలో రుద్దింది. అరచేతిలోది పోయింది, గోళ్ళ సందుల్లో ఎరుపు మాత్రం మిగిలింది, ఇప్పుడు కూడా ఉంది, బొటనవేలు గోటి పక్కన నల్లగా ఎండిపోయి, పిడికిలి మూస్తే కనిపించదు, అందుకే పిడికిళ్ళు మూసుకుని కూర్చుంది.

నెత్తురు అంటే ఏమిటో దెబోరాకు తెలుసు. ఈ వరండాలో అందరికంటే బాగా తెలుసు. అమ్మ పేరు దయామణి. అమ్మకు కూడా మొదట ఏమీ లేదు, ఊరికే అలసట, సాయంకాలానికి బుగ్గలు ఎర్రబడడం, అందరూ అమ్మ రంగు తేలింది అన్నారు. తర్వాత ఒక ఉదయం పొయ్యి ముందు కూర్చుని దగ్గి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి చూసుకుని, చెంగును మడిచి నడుములో దోపుకుంది. దెబోరా చూడలేదనుకుంది. దెబోరా చూసింది. ఆ రోజు సంగటి మాడింది. ఆ తర్వాత అంతా తొందర తొందరగా జరిగింది, అమ్మను మదనపల్లె దగ్గరి క్షయ శానిటోరియానికి, తనను కుప్పంలో అవ్వ దగ్గరికి. వేరే ఇంట్లో వేరే ఊళ్ళో, రైలుకట్ట పక్కన, సోల్జర్ల రైళ్ళు పోతుంటే గిన్నెలు గూట్లో గలగలమనేవి. అవ్వ పేరు బయ్యమ్మ, బాప్తిస్మం పుచ్చుకున్నాక ఇంకేదో పేరు పెట్టారు గానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు. అవ్వ రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది, ప్రార్థనలో తెలుగు, ఏడుపులో అరవం. ఒక్కసారే నాయన వచ్చి తనను శానిటోరియానికి తీసుకుపోయాడు. అమ్మ వరండాలో పొడుగు కుర్చీలో, శాలువా కప్పుకుని, ఉమ్మడానికి మూత ఉన్న కప్పు ఒకటి చేతిలో. పరుగెత్తబోతే చెయ్యి ఎత్తింది. "ఆడనే నిలబడు బిడ్డా. దగ్గరికి రావద్దు." అని, తర్వాత నవ్వి, "ఎంత పొడుగైనావో సూస్తాను, ఒక చుట్టు తిరుగు" అంది. దెబోరా తిరిగింది. ఇంకొక చుట్టు అంది అమ్మ. ఇంకొకటి. కళ్ళు తిరిగేదాకా తిరిగింది, అమ్మ చూస్తుండగా, మధ్యలో అంత ఖాళీ నేల. అదే ఆఖరు. మళ్ళీ నాయన కుప్పం వచ్చినప్పుడు బస్సు దిగి నడిచి వస్తుంటే చేతిలో గొడుగు లేదు. గొడుగు లేకుండా నాయన ఎక్కడికీ పోడు. అవ్వ వాకిట్లో నిలబడి ఖాళీ చేతులు చూసి, ఏమీ అడక్కుండానే కూలబడిపోయింది.

"రవంత జరుగమ్మా, నా కోడలు కూచుంటాది."

పక్కనున్న పెద్దామె. పేరు పార్వతమ్మ, సోమల నుంచి వచ్చింది, వచ్చినప్పటి నుంచి ఎవరితో ఒకరితో మాట్లాడుతూనే ఉంది కాబట్టి వరండాలో అందరికీ ఆమె సంగతులు తెలుసు. కోడలికి నెలలు నిండాయి, కాళ్ళు వాచాయి, నిలబడలేక స్తంభం పట్టుకుని ఉంది. బెంచీ చివర ఒకామె లేచి పోయింది, అందరూ జరిగారు, దెబోరా పక్కన జానెడు చోటు ఏర్పడింది, దెబోరా కూడా జరిగితే కోడలు కూర్చోవచ్చు. దెబోరా తల పక్కకు తిప్పి గోడను చూసింది. గోడ మీద సున్నం పొక్కులు. "నిన్నే బిడ్డా. నెలలు నిండిండాయి దానికి, నిలబల్లేకుండా ఉండాది." దెబోరా కళ్ళు మూసుకుంది. ఎవరో అటువైపు నుంచి "సదువుకున్న పిల్లేమో, మన పక్కన కూచుంటాదా" అన్నారు. కోడలు నేలమీద కూర్చుంది, కూర్చోవడానికి ఒక చెయ్యి నేలకు ఆనించి, ఒక చెయ్యి నడుముకు పెట్టి, మెల్లగా, నోటితో గాలి వదులుతూ. ఆ వదిలిన గాలి దెబోరా గుండెకు తగిలింది. అయినా ఇదే మంచిది. తన పక్కన కూర్చుంటే అంటుకుంటుంది. ఆమెకూ, కడుపులో ఉన్నదానికీ. అమ్మ తాగిన గ్లాసు వేరే, తిన్న పళ్ళెం వేరే, చనిపోయాక చాప కాల్చేశారు, దిండు కాల్చేశారు. ఈ బెంచీ కాల్చేస్తారేమో. ఈ పావడాను తప్పకుండా కాలుస్తారు, అప్పుడు అమ్మ చీర అంతా అయిపోయినట్టే, ఇంకొక ముక్క కూడా ఉండదు.

కానీ అమ్మకు నోట్లో నుంచి వచ్చింది. తనకు ఇక్కడ. ఎట్లా? ఆలోచించింది. లోపల అంతా ఒకటే కదా, ఒకదానితో ఒకటి కలిసి ఉంటుంది, ఐదో తరగతి పుస్తకంలో బొమ్మ ఉంది, ఊపిరితిత్తులు, వాటికింద కడుపు, కడుపుకింద పేగులు. పైన నిండిపోతే కిందికి వస్తుంది. అంటే తనది అమ్మకంటే ముదిరిపోయింది. దగ్గు కూడా రాకుండా లోలోపలే ముదిరింది. నాయన దగ్గు కోసమే కాచుకుని ఉన్నాడు పాపం. ఒక ఆదివారం గుడిలో అందరూ నిలబడి పాడుతుండగా కళ్ళు చీకట్లు కమ్మి దెబోరా కూలబడినప్పటి నుంచి నాయన అన్నం సరిగా తినడం లేదు. బడి నుంచి వస్తాడు, గొడుగు మూల పెడతాడు, దెబోరా ముఖం చూస్తాడు, చూడనట్టు చూస్తాడు. తను లోపల పడుకుంటే వాకిట్లో మాటలు ఆపి చెవి ఒగ్గుతాడు. తనకు తెలుసు, ఎందుకంటే తను కూడా లోపల నుంచి చెవి ఒగ్గి ఉంటుంది, నాయన వింటున్నాడా అని. ఇద్దరూ కలిసి రాని దగ్గు కోసం వింటూ ఉంటారు. సన్నబడినావు అంటాడు. పొడుగైనాను నాయనా, అందుకే సన్నంగా కనపడతాండాను అని చెప్పింది. ఆ మాట విని ఇంకా బెదిరాడు, ఎందుకో.

ఎవరినైనా అడగాల్సింది. ఎవరిని? ఎదురింటి కదిరప్ప కూతురు పోయిన ఏడు పెద్దమనిషైందన్నారు. కొబ్బరాకుల పందిరి వేసి దానిలో కూర్చోబెట్టారు, పసుపు పూశారు, చిమ్మిలి చేసి పెట్టారు, పేరంటాలు పాటలు పాడారు. దెబోరా దూరం నుంచి చూసింది. పెద్దమనిషి అంటే ఏమిటి అని అడిగితే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దమనిషి అయితే అందరూ నవ్వుతూ చిమ్మిలి పెడతారు. అది పండగ. దానికీ దీనికీ ఏం సంబంధం? నెత్తురు అని ఎవరూ అనలేదు. బడిలో పెద్ద పిల్లలు గుంపుగా గుసగుసలాడుతుంటే తను పోగానే ఆపేసేవాళ్ళు. తల్లి లేని పిల్ల, దానిముందు వద్దు అని ఒకసారి వినిపించింది. ఏది వద్దు? అవ్వ కూడా ఏదో చెప్పబోయింది కుప్పం నుంచి బయలుదేరిన రోజు, జడ వేస్తూ, "ఇంగ నువ్వు చిన్నపిల్లవు కాదు, ఒళ్ళు దగ్గర పెట్టుకోని ఉండాల" అని, పక్కన కట్ట మీద రైలు చప్పుడు రావడంతో ఆపేసింది, రైలు పోయాక మరిచిపోయింది. ఒళ్ళు దగ్గర పెట్టుకోవడమంటే ఏమిటో అప్పుడూ తెలియలేదు. తెలియకపోవడమే ఈ జబ్బుకు కారణమేమో. జాగ్రత్తగా ఉండమంది అవ్వ, తను ఉండలేదు. ఎండలో గెంతింది, పచ్చి చింతకాయలు తింది, ప్రార్థనలో నిద్రపోయింది. ప్రభువా, ఈ ఒక్కసారికి ఆపెయ్యి, నాయన చూడకముందే ఆపెయ్యి, ఇంక ఎప్పుడూ చింతకాయ ముట్టను. నాయన ఒక్కడే ఎట్లా ఉంటాడు? సంగటి కెలకడం రాదు ఆయనకు, ఉండలు కడుతుంది. కుప్పం నుంచి అవ్వను తెచ్చుకుంటే? అవ్వ ఇంకొకసారి వాకిట్లో కూలబడితే లేస్తుందా?

తెర తొలిగింది. నర్సమ్మ. ఎవరి పేరో. దెబోరా పేరు కాదు. ఇంకా ఉంది. ఇంకా కొంచెం ఉంది. ఎండ వరండా మెట్ల మీదికి వచ్చింది. మెట్ల కింద మగవాళ్ళు నిలబడే చోట నాయన, దేవసహాయం పంతులు, నలిగిన కోటు, గొడుగు రెండు చేతులతో పట్టుకుని, తనవైపే చూస్తున్నాడు. చూపు కలిస్తే నవ్వుతాడు. నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా భయం. శానిటోరియంలో అమ్మవైపు చూసి ఇట్లాగే నవ్వాడు. తనకేమీ భయం లేదు అన్నట్టు, పళ్ళు కొంచెం కనిపించేలా. దెబోరా కూడా నవ్వింది. అమ్మ కూడా అట్లాగే నవ్వి ఉంటుంది.

"దెబోరా! పుంగనూరు దెబోరా!"

వచ్చేసింది. పేరు వరండా అంతా తిరిగి తన దగ్గరికి వచ్చింది. పార్వతమ్మ ఇటు తిరిగి, "నిన్నే కదమ్మా?" అంది. దెబోరా గోడకు ఇంకా ఒరిగింది. నర్సమ్మ మళ్ళీ పిలిచింది, గొంతు పెంచి. ఎవరో చిన్నపిల్ల ఏడుపు ఆపి చూసింది. మెట్ల దగ్గర నాయన కదిలాడు, ఆడవాళ్ళ వరండా అని ఒక క్షణం జంకాడు, చెప్పులు విడిచి పైకి వచ్చాడు.

"లేమ్మా. పిలస్తాండారు."

"నేను రాను."

"భయపడొద్దు తల్లీ. సూది వెయ్యరు. రొమ్ము మీద గొట్టం పెట్టి సూస్తారు, అంతే."

"రాను నాయనా."

"ఇంత దూరం వచ్చి రానంటే ఎట్లా? లే." గొంతులో కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. వంగి ముఖంలోకి చూశాడు. చూసి, గొంతు తగ్గించి, "నడవలేకుండా ఉండాదా?" అన్నాడు. దెబోరా తల వంచుకుంది. నాయన గొడుగు గోడకు ఆనించాడు. అమ్మను బండిలో నుంచి ఎత్తుకుని దించినట్టు తనను కూడా ఎత్తబోతున్నాడు, చేతులు చాచాడు, ఎత్తితే అందరూ చూస్తారు, బెంచీ చూస్తారు, నాయన కోటుకు అంటుతుంది, నాయనకు అంటుతుంది.

"ముట్టుకోవద్దు!" అని అరిచింది. "ఆడనే నిలబడు నాయనా. దగ్గరికి రావద్దు."

అది తన గొంతు కాదు. అమ్మ గొంతు. నాయన కూడా విన్నాడు, చాచిన చేతులు అట్లాగే నిలిచిపోయాయి. నాయన ముఖంలో రంగు లేదు.

"యాల తల్లీ?"

"నాకూ వచ్చేసింది."

"ఏం వచ్చేసింది?"

"అమ్మకొచ్చిందే."

"దగ్గినావా? ఎప్పుడు? నాకు తెలీకుండా ఎప్పుడు దగ్గినావు?"

"దగ్గలేదు. నెత్తురు."

"యాడ? నోట్లోనా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి యాడ?"

 చెప్పే మాట తన దగ్గర లేదు. పిడికిళ్ళు విప్పి పావడా ఇంకా కిందికి లాక్కుంది, ఆ లాక్కోవడంలో గోటి పక్కన ఎండిన మరక కనిపించింది, నాయన దాన్ని చూశాడు, పావడాను చూశాడు, బెంచీని చూశాడు. అప్పుడు నాయన ముఖంలో జరిగింది దెబోరాకు అర్థం కాలేదు. ముందు అంతా కదిలింది, పెదవులు, గడ్డం, కళ్ళ కింది చర్మం. ఏడుస్తాడేమో అనుకుంది. ఏడవలేదు. ఆడవాళ్ళు కూర్చునే బెంచీ మీద, తన పక్కన, ఎవరినీ చూడకుండా కూర్చున్నాడు. కోటు విప్పి దెబోరా నడుము చుట్టూ కప్పాడు. కోటులో చాక్‌పీసు వాసన.

"ఇది జబ్బు కాదమ్మా" అన్నాడు, నేలను చూస్తూ. "ఏడవద్దు. ఇది జబ్బు కానే కాదు. ఆడపిల్లలందరికీ నీ వయసులో వస్తాది. నెలకొకసారి వస్తాది, నాలుగు దినాలుండి పోతాది. మీ అమ్మకూ వస్తాండె."

"అమ్మకు దగ్గితే వచ్చింది."

"అది వేరే నెత్తురు. ఇది వేరే." ఎన్నో తరగతులకు ఎన్నో పాఠాలు గట్టిగా చెప్పే మనిషి, ఒక్కొక్క మాట బావిలో నుంచి చేదుకుంటున్నట్టు చేదుకున్నాడు. "విను. మీ అమ్మ బాగున్నన్నాళ్ళు ఇది నెలనెలా వస్తాండె. జబ్బు ముదిరినాక నిలిచిపోయింది. ఒంట్లో సత్తువ లేక నిలిచిపాయనని అప్పుడు డాక్టరు నాకు చెప్పినాడు. నీకు వచ్చింది. నిలిచిపోలేదు, వచ్చింది. అర్థమైందా? నీ ఒళ్ళు దాని పని అది చేసుకుంటాండాది."

అర్థమైందో లేదో. మాటలు వచ్చి చెవుల దగ్గర నిలబడ్డాయి, లోపలికి రావడానికి భయపడుతూ. నెత్తురు పోతే చావు అని ఇన్నేళ్ళు, ఇప్పుడు నెత్తురు వస్తే బతుకు అంటాడు నాయన. అబద్ధం చెబుతున్నాడా, మెట్ల దగ్గర నవ్విన నవ్వులాగా? కానీ నాయన ఇప్పుడు నవ్వడం లేదు. చెవులు ఎర్రగా కందిపోయాయి సిగ్గుతో, అబద్ధం చెప్పేవాడు ఇంత కష్టపడడు.

"నేను చావనా?" అని అడిగింది.

"చావవు తల్లీ."

"అయ్యో నా కన్నా, దీనికా!" అంది పార్వతమ్మ. ఎప్పటి నుంచి వింటోందో. పొగరని ఇందాక మూతి బిగించుకున్న మనిషి, ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది. "తల్లి లేదా బిడ్డకు? చెప్పేవాళ్ళు లేకపాయనా? నేనైతే చెరువు కింద వరి నాటేస్తాండి. జలగ పట్టిందనుకోని నీళ్ళలో గంతులేసి అరిస్తి. ఊరంతా ఉరికొచ్చె ఉప్పు తీసుకోని." నేలమీద కూర్చున్న కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వి, "నాకు మా వదిన చెప్పింది ముందే. అయినా ఏడిస్తి" అంది మెల్లగా. దెబోరా ఆమెవైపు చూడగలిగింది ఇప్పుడు. ఈమెకు కూడానా? ఈ బెంచీ మీద వరసగా కూర్చున్న వీళ్ళందరికీనా? ఈ పార్వతమ్మకూ, ఇందాక సదువుకున్న పిల్లేమో అన్నామెకూ, ఆ నర్సమ్మకూ? అందరూ ఇది తెలిసి ఇన్నాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటూ, కూరగాయలు బేరమాడుతూ తిరిగారా?

పార్వతమ్మ లేచి నిలబడి, మెట్ల వైపు అడ్డంగా చీర చెంగు పరిచి, "లే ఇంగ. ఎవురూ సూడరు" అంది.

దెబోరా లేచింది. కోటు జారకుండా నాయన పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు గానీ, తడిగుడ్డతో బెంచీ తుడుస్తున్న చప్పుడు వినిపించింది, పార్వతమ్మ గాజులు గలగలమంటూ, మాటల్లేకుండా.

తెర వెనక చిన్న గదిలో నర్సమ్మ వేడినీళ్ళు తెప్పించింది. మెత్తటి పాతగుడ్డ మడత ఎట్లా పెట్టాలో, నడుముకు తాడు ఎట్లా కట్టాలో, ఉతికిన గుడ్డను చాటుగా చీకట్లో కాకుండా మంచి ఎండలో ఎందుకు ఆరేయాలో చెప్పింది, గొంతు తగ్గించకుండా, దోసెల పిండి ఎట్లా కలపాలో చెప్పినట్టు. ఆ గొంతు తగ్గించకపోవడం దెబోరాకు అన్నిటికంటే వింతగా ఉంది. అడగవచ్చని తోచింది. ఛాతీలో అప్పుడప్పుడు సలుపుతుంది, అదేమిటి? ఎదిగే వయసు, అంతే. ఊరికే ఏడుపు వస్తుంది, అదేమిటి? అదీ అంతే. బడికి పోవచ్చా? "పోకపోతే నేనే వచ్చి చెవి పట్టుకోని తీసకపోతా." స్నానం చెయ్యవచ్చా? గెంతవచ్చా? చింతకాయ తినవచ్చా? నర్సమ్మ నవ్వి, తెల్ల పావడాను చన్నీళ్ళ బకెట్లో ముంచింది. వేడినీళ్ళు తగిలితే మరక నిలిచిపోతుంది, చన్నీళ్ళకు వదులుతుంది అంది. కాల్చరా? యాల కాలుస్తారు, బంగారంలాంటి గుడ్డ.

డాక్టరమ్మ గొట్టం చల్లగా వీపుకు ఆనించి, "ఊపిరి బాగా పీల్చు" అంది. దెబోరా కొంచెం పీల్చింది. "ఇంకా." ఇంకా కొంచెం. అప్పుడు తెలిసింది, గుడిలో కూలబడిన రోజు నుంచి తను ఎప్పుడూ నిండా ఊపిరి పీల్చలేదని. నిండా పీలిస్తే అడుగున ఎక్కడో దగ్గు ఉంటుందని, దాన్ని కదపకూడదని, పైపైన మాత్రమే పీలుస్తూ, బావి అడుగు తగలకుండా నీళ్ళు తోడినట్టు, ఇన్నాళ్ళు. "ఇంకా పీల్చమ్మా, భయమా?" పీల్చింది. లోపలికి పోయింది, ఇంకా పోయింది, ఎముకలు విచ్చుకుంటున్నట్టు, భుజాలు లేచి, అడుగు దాకా పోయింది. అక్కడ ఏమీ లేదు. గాలి మాత్రమే ఉంది. వదిలింది. మళ్ళీ, ఎవరూ చెప్పకుండానే, ఇంకొకసారి పీల్చింది.

నాయనను లోపలికి పిలిచారు. వాకిట్లోనే నిలబడ్డాడు. రొమ్ములో ఏమీ లేదంది డాక్టరమ్మ, శుభ్రంగా ఉంది, జ్వరం లేదు, దగ్గు లేదు. పిల్ల తొందరగా పొడుగవుతోంది, తిండి సరిపోవడం లేదు, నెత్తురు పలచగా ఉంది, అందుకే కళ్ళు తిరిగాయి. రాగులు, ఆకుకూర, చెనిక్కాయలు, బెల్లం, దొరికిన రోజు గుడ్డు. వచ్చే నెల ఒకసారి తూకం చూద్దాం, తగ్గితే అప్పుడు ఆలోచిద్దాం. నాయన ప్రతి మాటకూ తల ఊపాడు. అయిపోయింది, పోవచ్చు. పోలేదు. గొడుగు ఒక చేతిలో నుంచి ఇంకొక చేతికి మార్చుకున్నాడు.

"అమ్మా," అన్నాడు నర్సమ్మతో, "మా బడిలో ఆడపిల్లలుండారు. ఐదో తరగతిలో, ఈడు వస్తాండే పిల్లలు. వాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. నేను మగోణ్ణి, చెప్పలేను. మీరొకసారి పుంగనూరికి వచ్చి... తల్లులతో నేను మాట్లాడతా ముందు. పాదిరిగారినీ అడుగుతా."

దెబోరాకు ఒళ్ళంతా చచ్చిపోయింది సిగ్గుతో. నాయనా, ఊరుకో. కానీ నాయన ఊరుకోలేదు, తల వంచుకున్నవాడు ఎత్తాడు. నర్సమ్మ తడిచేతులు తుడుచుకుంది. "వస్తాను పంతులుగారూ. రాకేం" అంది. తర్వాత తనలో తాను లెక్కవేసుకుంటున్నట్టు, "మొదట శుభ్రం గురించి చెప్పాల. గుడ్డలు, స్నానం. ఆమీట తిండి. ఆమీట..."

"అది కాదు" అంది దెబోరా.

ఇద్దరూ తిరిగి చూశారు. నాయన కోటు నడుముకు చుట్టుకుని, ఆసుపత్రివాళ్ళ నీలం పావడాలో, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. గొంతు తనదే.

"మొదట, సచ్చిపోరని చెప్పాల."